పాస్టర్ గారి నోరు, గొరోకు మాట

కూర్చోండి, టీ మరుగుతోంది. ఈసారి అల్లం మర్చిపోలేదు. మొన్న శనివారం చర్చిలో ఏం జరిగిందని వారం నుంచి అందరూ మెసేజ్‌లు పెడుతున్నారు, ఒక్కొక్కళ్ళకీ విడిగా చెప్పే ఓపిక లేక ఇవాళ పిలిచాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. నన్ను సొంత మనిషిలా చూసుకున్న ఆవిడ శవపేటిక పక్కన నిలబడి, మైకులో, హాలు నిండా జనం వింటుండగా, ఒక కార్టూన్ బొమ్మ గొంతుతో అరిచినవాణ్ణి నేను. కెనడాలో మన ఈ గ్వెల్ఫ్ ఊళ్ళో ఇంతకుముందు ఆ పని ఎవరూ చేసి ఉండరు. ఇకముందు కూడా చేయరనే అనుకుంటున్నాను.

శ్రావణ్, నువ్వు ఆ రోజు వెనక వరసలోనే ఉన్నావు, మధ్యలో అందుకోకు. సునీల్ నిన్ననే ఎడ్మంటన్ నుంచి వచ్చాడు, వాడికి నా సంగతి బొత్తిగా తెలియదు. అందుకని మొదటినుంచే చెప్తాను.

సునీల్, నేను హైదరాబాద్‌లో పదకొండేళ్ళు డబ్బింగ్ చెప్పాను. పిల్లల చానెల్లో జపాన్ కార్టూన్ ఒకటి తెలుగులో వచ్చేది. ఆకాశంలోంచి రాక్షసులు దిగుతారు, ఐదుగురు పిల్లలు వాళ్ళతో పోరాడతారు. ఆ ఐదుగురిలో నేను లేను. రాక్షసుడు దిగే వీధి మూలలో నూడుల్స్ బండి పెట్టుకున్న బట్టతల మనిషి ఒకడుంటాడు. పేరు గొరోకు. రాక్షసుడి మొదటి అడుగు ఎప్పుడూ ఆ బండి మీదే పడుతుంది. గొరోకు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని "మళ్ళీ నా బండేనా" అంటాడు. అంతే, వాడి పని అయిపోయింది. ఆ తర్వాత యుద్ధం, మెరుపులు, స్నేహం గురించి ఒక పాట. బండి పోయిందే పాపం అని వాడిని ఒక్కళ్ళూ అడగరు. వచ్చే వారం కొత్త బండితో మళ్ళీ అదే మూలలో ఉంటాడు.

ఆ గొరోకు గొంతు నాది. గొరోకుతో పాటు కుక్క, రాక్షసుడి మూలుగు, జనం పరిగెత్తేటప్పుడు వినిపించే గోల కూడా నాదే. హీరోకి చెప్పిన కుర్రాడు సినిమాల్లోకి వెళ్ళిపోయాడు. నేను బండి దగ్గరే ఉండిపోయాను.

మా డబ్బింగ్ ఇన్‌చార్జ్ శేషగిరి గారని ఉండేవారు. మాటలు రాసేదీ ఆయనే, అద్దం అవతల కూర్చుని చెప్పించేదీ ఆయనే. మొదటి రోజే నాకు చెప్పారు. "తెర మీద నోరు కదిలిందా, మాట పడాలి. నోరు మూసుకుందా, నీ మాట అక్కడికి ఆగిపోవాలి. అర్థం సంగతి నేను చూసుకుంటాను. నువ్వు నోరు చూడు." జపాన్ వాళ్ళ మాట పొడుగు, మన మాట పొట్టి. మనది అయిపోయాక కూడా బొమ్మ నోరు ఆడుతూనే ఉండేది. అప్పుడు శేషగిరి గారు అద్దం అవతలి నుంచి ఒక వేలు పైకెత్తేవారు. వేలు లేచిందంటే, ఆ ఖాళీలో ఇంకో "మళ్ళీ నా బండేనా" పడాలని అర్థం. ఆ మాట ఏ నోటికైనా సరిపోయేది. పదకొండేళ్ళు ఆ వేలు చూసి ఆ మాట అన్నాను. ఎన్నిసార్లన్నానో లెక్క లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తర్వాత గొరోకు తగ్గిపోయాడు. చంపలేదు, ఊరు వదిలి వెళ్ళాడని చెప్పలేదు. ఒక సీజన్ నుంచి వాణ్ణి గీయడం మానేశారు, అంతే. రాక్షసుడు ఖాళీ రోడ్డు మీద అడుగు పెట్టేవాడు. ఇంకో ఏడాదికి ఆ చానెల్ తెలుగే ఆపేసింది. నేను ఒక కాల్ సెంటర్లో కొన్నాళ్ళు, ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్లో కొన్నాళ్ళు గడిపి, అందరూ కెనడా అంటున్నారని ముప్పై నాలుగేళ్ళ వయసులో సప్లై చెయిన్ కోర్సుకి అప్లై చేశాను. వీసా ఆఫీసర్ నా వయసు చూసి ఏమనుకున్నాడో తెలియదు గానీ స్టాంపు వేశాడు.

ఇక్కడికొచ్చాక విచిత్రం ఏమిటంటే, హైదరాబాద్‌లో ఎవరికీ పట్టని గొరోకు గ్వెల్ఫ్‌లో స్టార్ అయ్యాడు. ఎందుకంటే ఆ రెండు మూడేళ్ళలో దిగిన స్టూడెంట్లంతా చిన్నప్పుడు ఆ కార్టూన్ చూసి పెరిగినవాళ్ళే. ఒక్కో ఇంటి బేస్‌మెంట్లో ఎనిమిది మంది. క్లాసులో అటెండెన్స్ తీసుకునేటప్పుడు పొరపాటున ఆ గొంతుతో "ప్రెజెంట్" అన్నాను. మూడు బెంచీలు వెనక్కి తిరిగాయి. ఆ సాయంత్రానికి నేను గొరోకు అన్న అయిపోయాను. మా అమ్మానాన్నా పెట్టిన ఇమ్మానుయేలు అనే పేరు పాస్‌పోర్టులో మిగిలింది.

అప్పటినుంచి నన్ను పోషించింది సగం ఆటో పార్ట్స్ కంపెనీలో వీకెండ్ షిఫ్టు, సగం గొరోకు. బర్త్‌డే వాయిస్ నోట్లు చేసిపెట్టేవాణ్ణి. "హ్యాపీ బర్త్‌డే హారికా, నీ కేకు మీద కూడా రాక్షసుడు కాలు పెట్టాడా" లాంటివి. బిర్యానీ సెంటర్ వాళ్ళ ఫోన్లో ఆర్డర్ రెడీ అని చెప్పేది నేనే. అప్పుడప్పుడు ఏప్రన్ కట్టుకుని, తలకి తెల్లగుడ్డ చుట్టుకుని పిల్లల పార్టీలకి కూడా వెళ్ళేవాణ్ణి. అక్కడ మాత్రం నా బండారం బయటపడేది. తండ్రి ఫ్యాను, పిల్లాడు ఇక్కడ పుట్టినవాడు. ఏడేళ్ళ బాబు ఒకడు నన్ను కిందినుంచి పైదాకా చూసి వాళ్ళ నాన్నని అడిగాడు.

"ఈజ్ హీ ద హీరో?"

"కాదు నాన్నా."

"ఈజ్ హీ ద బ్యాడ్ గై?"

"కాదమ్మా. అంకుల్ బండిని రాక్షసుడు తొక్కేస్తాడు."

"ఎవ్రీ టైమ్?"

"ఎవ్రీ టైమ్."

వాడు నావైపు తిరిగాడు. "వై డోంట్ యూ పార్క్ సమ్‌వేర్ ఎల్స్?"

పదకొండేళ్ళలో నాకు తట్టని ప్రశ్న అది. పోయిన జనవరిలో వచ్చిన బ్యాచ్ పిల్ల అయితే "అన్నా, అది ఏ యాప్‌లో వస్తుంది?" అంది. అప్పుడే అర్థమైంది, గొరోకు ఇక్కడ కూడా ఎక్కువ కాలం ఉండడని.

ఇప్పుడు రూతమ్మ ఆంటీ గురించి చెప్పాలి. టీ తీసుకోండి, చల్లారిపోతుంది.

దేవదానం అంకుల్, రూతమ్మ ఆంటీ బాపట్ల వైపు వాళ్ళు. అంకుల్ మా కంపెనీలోనే మెషినిస్టుగా చేసి రిటైరయ్యారు. ఆంటీ నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకునే ఉద్యోగం చేసేవారు. మా తెలుగు సంఘం ఒక ఇంగ్లీషు చర్చి హాలు అద్దెకి తీసుకుని ఆదివారం మధ్యాహ్నం ఆరాధన చేసుకుంటుంది. మొదట్లో ఆరు కుటుంబాలేనట. స్టూడెంట్లు రావడం మొదలయ్యాక ప్రతి సెప్టెంబర్‌కీ రెండు వరసల కుర్చీలు అదనంగా వేయాల్సి వచ్చేది. వచ్చినవాళ్ళలో సగం మందికి చర్చి అలవాటే లేదు. ఆరాధన అయ్యాక బేస్‌మెంట్లో ఆంటీ పెట్టే అన్నం కోసం వచ్చేవాళ్ళు. ఆవిడకి ఆ సంగతి తెలుసు, తెలిసే ఇంకో కేజీ బియ్యం ఎక్కువ పోసేవారు.

నేను మొదటిసారి వెళ్ళిన ఆదివారం కుర్రాళ్ళంతా నన్ను చుట్టుముట్టి "అన్నా, ఒక్కసారి అన్నా" అని ప్రాణం తీశారు. సరే అని నెత్తిన చేతులు పెట్టుకుని "మళ్ళీ నా బండేనా" అన్నాను. అందరూ చప్పట్లు. వంటగదిలోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చారు ఆంటీ. ఆవిడ జీవితంలో కార్టూన్ చూడలేదు.

"అయ్యో, ఏ బండి నాయనా? పోతే పోయిందిలే. ఇంకోటి కొనుక్కుందువు. ముందు అన్నం తిను."

హాలంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ మాటకి జవాబంటూ స్క్రిప్టులో ఎప్పుడూ లేదు. గొరోకుకి జవాబు చెప్పిన మొదటి మనిషి రూతమ్మ ఆంటీ. ఆ రోజు పప్పుచారు అన్నం తింటూ కళ్ళు తుడుచుకుంటే, కారం ఎక్కువైందా అని నీళ్ళ గ్లాసు పెట్టారు.

తర్వాత అసలు విషయం తెలిసినా ఆవిడ ఆ మాట మానలేదు. ఎవరైనా కొత్తగా వచ్చిన పిల్ల ఇంటిమీద బెంగతో ఏడుస్తుంటే, "మాన్యుయేలూ, ఇటు రా, ఈ పిల్లకి నీ బండి పోగొట్టు" అని పిలిచేవారు. నేను బండి పోగొట్టేవాణ్ణి. ఆవిడ ఇంకోటి కొనుక్కోమనేవారు. ఆ పిల్ల నవ్వేది. అన్నం వడ్డించేవారు. మూడేళ్ళు అదే మా ఆదివారం.

ఆగస్టులో జబ్బు బయటపడింది. అక్టోబర్‌కి ఆంటీ లేరు.

అంకుల్ నాకు ఫోన్ చేసింది గురువారం. గొంతు మామూలుగానే ఉంది. "శనివారం పొద్దున భూస్థాపన కూడిక. పాస్టర్ గ్లెన్ వాక్యం చెప్తారు. నువ్వు తర్జుమా చెయ్యాలి."

మా సంఘం ఆ ఇంగ్లీషు చర్చి వాళ్ళతో కలిసి కూడిక పెట్టుకుంటే పాస్టర్ గ్లెన్ ఇంగ్లీషులో చెప్పడం, పక్కన ఒకరు నిలబడి ముక్క ముక్కకీ తెలుగులో చెప్పడం ఆనవాయితీ. ఆ పక్కన నిలబడేది ఎప్పుడూ ఆంటీయే. ఆయన మూడు నిమిషాలు చెప్పినదాన్ని ఆవిడ ఒక్క వాక్యంలో చెప్పి "ఇంతే ఆయన చెప్పింది" అనేవారు. ఆయనకి తెలుగు రాదు కాబట్టి సంతోషంగా తలూపేవారు.

"నావల్ల కాదంకుల్, ఇంకెవరైనా..." అన్నాను.

"ఇంకెవరున్నారు? ఆయన మాట మనకి చెప్పిన మనిషే పెట్టెలో పడుకుంది. మా అత్తగారు ఫోన్లో వింటారు. తొంభై దగ్గర పడ్డాయి, రాలేదు కదా. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆవిడకి కూతుర్ని సాగనంపడమంటే ఆ ఫోన్లో వినేదే. ఇక్కడ మా రూత్ ఎలా బతికిందో ఆవిడకి తెలియాలి. నువ్వు గొంతుతో బతికేవాడివి, నువ్వు చెప్తే వినపడుతుంది."

ఇంకేమంటాను? సరే అన్నాను.

ఇక్కడే నేను చేసిన తప్పు. తర్జుమా అంటే ఎలా చేయాలో ఎవర్నైనా అడగొచ్చు కదా. అడగలేదు. నా పని నాకు తెలుసనుకున్నాను. పాస్టర్ గ్లెన్ పాత వీడియోలు లాప్‌టాప్‌లో పెట్టుకుని, హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఆయన నోరు చూస్తూ రెండు రోజులు ప్రాక్టీస్ చేశాను. ఆయనకి గడ్డం లేదు, మీసం లేదు. పెదాలు స్పష్టంగా కనపడతాయి. డబ్బింగ్ చెప్పేవాడికి అంతకంటే ఏం కావాలి? ఆయన నోరు తెరవగానే మొదలుపెట్టడం, మూయగానే ఆపేయడం. శుక్రవారం సాయంత్రానికి సింక్, అంటే నోటికీ మాటకీ పొత్తు, ఒక్క పెదవి కూడా తప్పకుండా పడుతోంది. గర్వంగా శ్రావణ్‌ని కూర్చోబెట్టి వినిపించాను.

వీడేమన్నాడంటే, "అన్నా, సింక్ మస్తుంది. గానీ ఏం చెప్తున్నవో సమజైతలేదు."

తెలంగాణ వాడు, మా గుంటూరు మాట అర్థం కాలేదనుకున్నాను. అవునురా శ్రావణ్, ఇప్పుడు నవ్వుకో.

శనివారం పొద్దున పది గంటలు. హాలు నిండిపోయింది. ముందు వరసలో అంకుల్, ఆయన పక్కన తెలుగు కుటుంబాలు, నర్సింగ్ హోమ్ నుంచి వచ్చిన తెల్లవాళ్ళు. వెనక నాలుగు వరసలూ స్టూడెంట్లు. నల్లబట్టలు లేనివాళ్ళు ఫ్యాక్టరీ యూనిఫాం జాకెట్లు వేసుకొచ్చారు. పెట్టె పక్కన చిన్న బల్ల మీద స్టాండు పెట్టి, అందులో ఫోను. ఫోన్లో బాపట్ల మామ్మగారు. తెల్లచీర, తలమీద కొంగు. వెనక మనవరాలు నిలబడి ఉంది. మామ్మగారు చెవి స్క్రీన్ దగ్గరికి పెట్టుకుని కూర్చున్నారు, మాకు సగం మొహమే కనపడుతోంది.

పాస్టర్ గ్లెన్ మొదలుపెట్టారు. నేనూ మొదలుపెట్టాను. ఆయన ఆగాక కాదు, ఆయనతో పాటే. జనం కొంచెం కంగారుగా చూశారు. రెండు గొంతులు ఒకేసారి వినపడుతుంటే ఎటు వినాలో వాళ్ళకి తెలియలేదు. నేను మాత్రం జనాన్ని చూడలేదు. ఆయన నోరు చూస్తున్నాను.

ఈ తలుపు దాటి వచ్చిన ప్రతి స్టూడెంటుకీ రూత్ అన్నం పెట్టిందని ఆయన అన్నారు. ఇంగ్లీషులో టక్కున అయిపోయింది. నేను "ఈ తలుపు దాటి వచ్చిన ప్రతి స్టూడెంటుకీ రూతమ్మగారు" దాకా వచ్చేసరికి ఆయన నోరు మూసుకుంది. నేనూ ఆపేశాను. ఆవిడ ఏం చేసిందో చెప్పనే లేదు. తర్వాతది కూడా అంతే. "నర్సింగ్ హోమ్‌లో చివరి రోజుల్లో ఉన్నవాళ్ళ చెయ్యి పట్టుకుని రాత్రంతా" అని ఆగింది. తల్లి చెవికి కూతురి జీవితం ముక్కలు ముక్కలుగా, అన్నీ సగం సగంగా వెళ్తోంది. నాకేమో లోపల ఒకటే సంతోషం, ఒక్క పెదవి తప్పలేదని.

అప్పుడు ఆయన ఆసుపత్రి సంగతి ఎత్తారు. పోయే ముందు వారం రూత్‌ని చూడటానికి వెళ్ళాను అన్నారు. తను నాతో అన్న మాట ఒకటి మీకు చెప్పాలి అన్నారు. ఆగిపోయారు. కళ్ళు నిండాయి. ఆయనా ఆంటీ పక్కపక్కన నిలబడి ఎన్నేళ్ళు చెప్పారో కదా. పెదాలు కదిలాయి. మాట రాలేదు. మళ్ళీ కదిలాయి. మాట రాలేదు.

నాకది చర్చి కాదు, స్టూడియో అయిపోయింది. పెదాలు కదులుతున్నాయి. మాట లేదు. తెర మీద నోరు కదులుతోంది, సౌండ్ లేదు, ఎక్కడో ఒక ఇంట్లో టీవీ చెడిపోయిందనుకుంటున్నారు. అంతలో ఆయన, ఒక్క నిమిషం ఆగండి అన్నట్టు, జనం వైపు ఒక వేలు పైకెత్తారు.

వేలు లేచింది.

"మళ్ళీ నా బండేనా."

మైకులో. పూర్తి గొరోకు గొంతుతో. చివర్లో వచ్చే ఆ జీర కూడా తప్పలేదు.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. వెనక నాలుగు వరసల తలలూ ఒక్కసారి కిందికి వంగాయి. భుజాలు ఊగుతున్నాయి. ఒకమ్మాయి నోట్లో స్కార్ఫ్ కుక్కుకుంది. పాస్టర్ గ్లెన్‌కి తెలుగు రాదు కదా, తన మనసులో మాట నేను చెప్పాననుకున్నారు. అంతమంది పిల్లలు అలా కదిలిపోవడం చూసి ఆయన కళ్ళలో నీళ్ళు కిందికి జారాయి. నా భుజం మీద చెయ్యి వేసి "థాంక్యూ, సన్" అన్నారు.

భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. కానీ పక్కనే భూమిలోకి వెళ్ళాల్సిన పెట్టె ఉంది, ఆ మాట అనుకోవడానికి కూడా సిగ్గేసింది. అంకుల్ వైపు చూశాను. ఆయన తల వంచుకుని తన బూట్లు చూసుకుంటున్నారు. ఏడుస్తున్నారో, కోపంతో ఉన్నారో తెలియలేదు. ఫోను వైపు చూశాను. మామ్మగారు చెవి పక్కకి తీసి, మొహం స్క్రీన్‌కి ఆనించి, కళ్ళు చిట్లించి నన్నే వెతుకుతున్నారు.

ఆ మొహం చూశాక నాకు బుద్ధొచ్చింది. ఇంతసేపూ ఆవిడకి ఒక్క వాక్యం కూడా పూర్తిగా చెప్పలేదని అప్పుడు తెలిసింది. ఆంటీ ఎప్పుడూ పాస్టర్ గారి నోరు చూడలేదు. ఆయన చెప్పేది మొత్తం విని, జనం మొహాలు చూసి చెప్పేవారు. నేను మైకు తీసుకుని, పాస్టర్ గారికి వీపు పెట్టి, ఫోను వైపు తిరిగాను.

ఆయన మళ్ళీ మొదలుపెట్టారు. అయ్యేదాకా నోరు మూసుకుని విన్నాను. తర్వాత చెప్పాను. నా గొంతుతో. నా గొంతు మైకులో ఎలా ఉంటుందో నాకే కొత్త, బొంగురుగా, పల్చగా ఉంది.

"మామ్మగారూ, మీ అమ్మాయిని చూడటానికి పాస్టర్ గారు ఆసుపత్రికి వెళ్ళారంట. లేచి కూర్చునే ఓపిక కూడా లేదంట ఆవిడకి. ఆయన ప్రార్థన చేద్దామంటే, అది తర్వాత, ముందు సెప్టెంబర్లో వచ్చిన పిల్లలందరికీ చలికోట్లు అందాయా అని అడిగిందంట. ఇద్దరికి ఇంకా లేవని ఈయన చెప్తే, మా ఇంట్లో నా కోటు ఉంది, నాకింక దాంతో పనిలేదు, ఇచ్చెయ్యండి అందంట. ఈయన ఇచ్చేశారంట. ఆ కోటు వేసుకున్న పిల్ల ఇప్పుడు ఈ హాల్లోనే కూర్చుని ఉందండి."

వెనక వరసలో స్కార్ఫ్ నోట్లో కుక్కుకున్న పిల్లే అది. ఆమె నవ్వు ఆగిపోయింది. నాలుగు వరసల్లో భుజాలు మళ్ళీ ఊగాయి, ఈసారి నిజంగానే. మిగతాదంతా అలాగే చెప్పాను, ఆలస్యంగా, తడబడుతూ. ఒక్క సింక్ కూడా పడలేదు.

మట్టి ఇచ్చి వచ్చాక బేస్‌మెంట్లో భోజనాలు పెట్టారు. నేను వంటగదిలోకి పోయి కాఫీ మెషిన్ వెనక నిలబడ్డాను. ఎవరి మొహమూ చూసే ధైర్యం లేదు. కుర్రాళ్ళు ఒకరిద్దరు వచ్చి "అన్నా" అని ఏదో అనబోయి, నా మొహం చూసి వెళ్ళిపోయారు. ఆ మనిషి చేసిన మేలుకి నేనిచ్చిన వీడ్కోలు ఇదా అని ఒకటే బాధ. అంతలో అంకుల్ వచ్చారు. చేతిలో ఫోను.

"అత్తయ్య నీతో మాట్లాడాలంట."

తిట్లు తినడానికి సిద్ధమై ఫోను అందుకున్నాను. స్క్రీన్‌లో ఈసారి మొహం పూర్తిగా ఉంది. ఆంటీ నుదురే, ఆంటీ గడ్డమే. ఇంకో పాతికేళ్ళు బతికితే ఆంటీ ఇలాగే ఉండేవారు.

"వందనాలు మామ్మగారూ. నన్ను క్షమించండి."

"ఎందుకు నాయనా? కోటు సంగతి చెప్పింది నువ్వే కదా? బాగా వినపడింది. చిన్నప్పుడు కూడా అంతే అది, బళ్ళో పలక ఎవరికో ఇచ్చేసి వచ్చేది." కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "మొదట్లో చెప్పిందే సరిగా తెలియలేదు. ఈ ఫోను పాడుగాను, తెగి తెగి వచ్చింది."

తెగింది ఫోను కాదని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"మధ్యలో ఒక్క మాట మాత్రం గట్టిగా వినపడింది" అన్నారు. "ఎవరిదో బండి పోయిందన్నావు. నీదేనా?"

అంకుల్ నావైపు చూస్తున్నారు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"నాదేనండి."

"మళ్ళీ అని కూడా అన్నావు. ఇదివరకు కూడా పోయిందా?"

"చాలాసార్లు పోయిందండి మామ్మగారూ."

"పోతే పోయిందిలే నాయనా. ఇంకోటి కొనుక్కుందువు. ముందు అన్నం తిను."

అంకుల్ పక్కనున్న స్టూలు మీద కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. పొద్దున్నుంచీ ఏడవని మనిషి. ఏడుస్తూ నవ్వుతున్నారో, నవ్వుతూ ఏడుస్తున్నారో నాకు తెలియదు. వేలితో అన్నం గిన్నె చూపించారు.

మామ్మగారి మాట నాకు ముందే చేరిపోయింది, వీడియో వెనకబడి స్క్రీన్ మీద ఆవిడ పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. సింక్ అరసెకను తప్పింది. శేషగిరి గారుంటే రీటేక్ అనేవారు. నేను మాత్రం జీవితంలో మొదటిసారి, ఎదురుగా నోరు కదులుతున్నా నా నోరు మూసుకుని, ప్లేటు తీసుకున్నాను.